తెలుగు, ఒరోమో, మధ్యలో కోయ

భద్రాచలం నుంచి గోదావరి వెంట ఎగువకు సుమారు 35 కిలోమీటర్లు పోతే దుమ్ముగూడెం మండలంలో పర్ణశాల వస్తుంది. యాత్రికులకు అది సీతమ్మ వాగు, నారచీరలు ఆరేసిన గుర్తులున్నాయని చెప్పే రాళ్లు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు అది కోయ నేల. బడిలో, బస్సులో, మండలాఫీసులో తెలుగు నడుస్తుంది. ఇంట్లో, పొలంలో, కొలుపుల్లో కోయ నడుస్తుంది. రెండు భాషల పోలిక గురించి వాదించుకోవడానికి ఇంతకన్నా తగిన చోటు నాకు తోచలేదు. అందుకే ఇద్దరిని ఇక్కడ ఎదురెదురుగా కూర్చోబెట్టాను.

ఇద్దరూ నేను కల్పించుకున్నవాళ్లే. వాళ్ల నోట వచ్చే సంగతులు మాత్రం కల్పితాలు కావు. ఒకాయన ఇథియోపియాలో, ఒరోమో భాష మాట్లాడే ఒరోమియా ప్రాంతంలోని నెకెంతె పట్నంలో పాఠాలు చెప్పి ఖమ్మం తిరిగి వచ్చిన లెక్చరర్. అలా ఆ దేశపు విశ్వవిద్యాలయాల్లో పనిచేసిన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. అక్కడి విద్యార్థులూ పరిశోధన కోసం విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వస్తుంటారు. రెండో ఆమె దుమ్ముగూడెం మండలంలో చిన్న తరగతులకు చెప్పే కోయ టీచర్. భాషాశాస్త్రంలో ఎమ్మే చేసి, పట్నంలో ఉండిపోకుండా సొంత మండలానికే వచ్చింది.

లెక్చరర్: టీచరమ్మా, ఒరోమో విన్నప్పుడల్లా నాకు మన భాషతో దానికి ఎక్కడో చుట్టరికం ఉందనిపించేది. ఇప్పటికీ నా నమ్మకం అదే. "అని బిషాన్ ధుగె" అంటారు వాళ్లు. అని అంటే నేను, బిషాన్ అంటే నీళ్లు, ధుగె అంటే తాగాను. మాటలు ఉన్నవి ఉన్నట్టు మార్చి పెట్టుకుంటే తెలుగు వాక్యం తయారు. ఇంగ్లీషులో అయితే తాగడం ముందొచ్చి నీళ్లు వెనకొస్తాయి.

టీచర్: క్రియ చివర రావడమే చుట్టరికానికి గుర్తయితే జపాన్‌వాళ్లు, టర్కీవాళ్లు, కొరియావాళ్లు అందరూ మనకు చుట్టాలే అవ్వాలి సార్. ప్రపంచంలో అలాంటి భాషలే ఎక్కువ. ఇంకో రెండు మాటలు చెప్పండి. కొత్త ఇల్లు అనడానికి వాళ్లేమంటారు?

లెక్చరర్: "మన హారా". మన అంటే ఇల్లు, హారా అంటే కొత్త.

టీచర్: నా ఇల్లు?

లెక్చరర్: "మన కో".

టీచర్: ఇల్లు ముందు, కొత్త వెనక. ఇల్లు ముందు, నా వెనక. తెలుగులో ఈ వరస కుదరదు, కోయలోనూ కుదరదు. బడిని కూడా వాళ్లు "మన బరుమ్సా" అంటారని చదివాను. చదువుల ఇల్లు అని అర్థం, కానీ ఇల్లు ముందొచ్చి చదువు వెనకొస్తుంది. క్రియ దగ్గర కలిసిన దారి రెండడుగులకే విడిపోయింది.

లెక్చరర్: ఆ 'మన' అన్న మాటనే పట్టుకుందాం. ఇంటిని కన్నడంలో మనె అంటారు, తమిళంలో మనై అంటారు. ఒరోమోలో మన. మూడూ ఇల్లే. ఇంకా చూడండి, నన్ను అనడానికి వాళ్ల మాట 'న'. మన 'నా'కూ దానికీ తేడా దీర్ఘం ఒక్కటే.

టీచర్: వినడానికి బాగుంది. కానీ సొమాలీలో ఇంటికి మిన్ అనే మాట ఉంది. ఒరోమో మన, సొమాలీ మిన్ ఒక తల్లి బిడ్డలు. ఆ కుటుంబాన్ని కుషిటిక్ అంటారు. అదేమో అరబ్బీ, హీబ్రూ, ప్రాచీన ఈజిప్టు భాష ఉన్న ఆఫ్రో ఏషియాటిక్ అనే పెద్ద కుటుంబంలో ఒక శాఖ. ఒక్క ఇల్లు చూసి వియ్యం కలుపుకోలేం. రెండు నుంచి పది దాకా అంకెలు చెప్పండి సార్.

లెక్చరర్: లమ, సదీ, అఫుర్, షన్, జఅ, తోర్బ, సద్దేత్, సగల్, కుధన్.

టీచర్: సొమాలీలో లబ, సద్దెహ్, అఫర్, షన్, లిహ్, తొద్దొబ, సిద్దేద్, సగాల్, తొబన్. ఆరు, పది పక్కన పెట్టండి. తొమ్మిదిలో ఏడు కలిశాయి. మన రెండు, మూడు, నాలుగు వీటిలో ఎక్కడైనా వినిపించాయా? అదే గోండీలో రండ్, మూండ్, నాలుంగ్ అంటారు. ఉట్నూరు అడవుల నుంచి గోదావరి దాకా చెవికి తెలిసిపోతుంది.

లెక్చరర్: అంకెలు సంతలో చేతులు మారతాయమ్మా. అరువు తెచ్చుకునే సరుకులో అంకెలూ ఉంటాయి.

టీచర్: సరే, సంతలో అమ్ముడుపోనిది చూద్దాం. అతను వచ్చాడు అనడానికి ఒరోమోలో "ఇన్ని ధుఫె" అంటారు, ఆమె వచ్చింది అనడానికి "ఇషీన్ ధుఫ్తె" అంటారు. ఆడమనిషి వచ్చేసరికి క్రియలో ఒక 'త్' చేరింది. అరబ్బీలో అతను రాశాడు అంటే కతబ, ఆమె రాసింది అంటే కతబత్. అక్కడా అదే త్. అలాంటి చిన్న ముక్కను ఏ వర్తకుడూ మూట కట్టుకుపోడు, తల్లి నోటి నుంచి బిడ్డ నోటికి రావాల్సిందే. ఇక మన సంగతి. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది. తెలుగు క్రియకు ఏకవచనంలో ఇద్దరూ ఒకటే. కోయలోనూ ఒకటే. మగవాడికి ఒక రూపం, మిగతా అందరికీ ఇంకొకటి. అది న్యాయమా కాదా అన్నది వేరే మాట. కానీ అది మన ఇంటి గుర్తు. ఒరోమోలో ఆ గుర్తు లేదు. మనకు మేము వేరు, మనం వేరు. వాళ్లకు రెండింటికీ "నుయి" ఒక్కటే.

లెక్చరర్: మీరు ఎముకలు లెక్కపెడుతున్నారు. నేను భాష ప్రాణం గురించి మాట్లాడుతున్నాను. తెలుగులో గుండె ఝల్లుమంది అంటాం, మల్లెలు గుప్పుమన్నాయి అంటాం, మెరుపు తళుక్కుమంది అంటాం. ఆ చివర ఉన్నది 'అను' ధాతువే కదా. ఝల్లు అని గుండె అన్నది. ఒరోమోలో ఊరకున్నాడు అనడానికి "చల్ జెధె" అంటారు. జెధె అంటే అన్నాడు. చల్ అని అన్నాడు, అంటే నోరు మూసుకున్నాడు. చప్పుడుకూ నిశ్శబ్దానికీ కూడా 'అనడం' అనే క్రియనే తగిలించాలని రెండు జాతులకు విడివిడిగా తోచిందంటారా?

ఇక్కడ నేను లెక్చరర్ పక్షాన కాసేపు ఆగాలనుకుంటున్నాను. తెలుగు వాక్యంలో సగం అందం ఈ 'మంది'లోనే ఉంది. దానికి జోడు ఆఫ్రికా కొమ్ములో దొరికిందని తెలిస్తే ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది. ఆ పులకరింత అబద్ధం కాదు. దాని నుంచి ఏం నిరూపిస్తామన్నదే తగువు.

టీచర్: ఆ పోలిక నాకూ ఇష్టమే సార్. ఇందాకటి నుంచి మీరు చెప్పినవాటిలో అన్నిటికన్నా బలమైనది అదే. కానీ ఇథియోపియా ఏలికల భాష అమ్హారిక్‌లో కూడా ఊరకున్నాడు అనడానికి "జిమ్ అలె" అంటారు. అలె అంటే అన్నాడు. అమ్హారిక్ శాఖ వేరు, అది అరబ్బీకీ హీబ్రూకీ దగ్గర చుట్టం. ఆ చుట్టాల్లో ఈ అలవాటు ఇలా కనపడదు. తరతరాలు కుషిటిక్ భాషల పక్కన బతికి అమ్హారిక్ దీన్ని నేర్చింది. క్రియను చివరికి జరుపుకోవడం కూడా అలాగే నేర్చిందంటారు. అంటే ఇరుగుపొరుగు వల్ల కూడా పోలిక వస్తుంది. మన దేశం గురించి భాషాశాస్త్రవేత్త ఎమెనో 1956లో చెప్పిందీ ఇదే. పుట్టుకలు వేరైనా భారతదేశపు భాషలు కలిసి బతికి ఒకదాని లక్షణాలు ఇంకొకటి పుణికిపుచ్చుకున్నాయని. ఒరోమోకూ తెలుగుకూ అలాంటి ఇరుగుపొరుగూ లేదు, మధ్యలో సముద్రం ఉంది. ఇక మిగిలింది మనిషి. క్రియను చివర పెట్టుకునే భాషలు విడివిడిగా ఒకే ఉపాయం కనిపెట్టి ఉండొచ్చు.

లెక్చరర్: సెనెగల్ అధ్యక్షుడు, మహాకవి సెంఘోర్ ద్రావిడ భాషలకూ ఆఫ్రికా భాషలకూ సంబంధం ఉందని నమ్మి, పరిశోధనను ప్రోత్సహించాడు. లిలియాస్ ఓంబుర్జే అనే ఫ్రెంచి పండితురాలు దానిమీద వ్యాసాలే రాసింది. ఒక్క మాటతో వాళ్లను కొట్టిపారేస్తారా?

టీచర్: సెంఘోర్‌కు దణ్ణం పెడతాను. నల్లవాళ్ల భాషలు భాషలే కావన్న తెల్ల దొరల ముందు, మాకు సముద్రాల అవతల దాకా బంధువులున్నారని ఆయన చెప్పాలనుకున్నాడు. ఆ కోరికలో ఆత్మగౌరవం ఉంది. కానీ ఆ తర్వాత కూడా వరసైన ధ్వని సూత్రాలు ఎవరూ చూపలేకపోయారు. చుట్టరికం రుజువైతే ఎలా ఉంటుందో చెప్తాను వినండి. మీరు రోజూ తినే ఉప్పు. గోండీలో ఒక చోట సోవర్ అంటారు. ఇంకో చోట అదే హోవర్. మరికొన్ని చోట్ల ఓవర్. మొదటి సకారం హకారమై, ఆ హకారం కూడా రాలిపోయింది. ఇది ఉప్పుకే జరగలేదు. ఆరును గోండీలో సారుంగ్ అంటారు, ఐదును సైయుంగ్ అంటారు. తెలుగు ఆరు, ఐదు, ఉప్పుల్లో ఆ తొలి హల్లు ఎప్పుడో పోయింది. గోండీ మాండలికాల్లో ఊరూరా ఈ మార్పు ఎంతవరకు వచ్చిందో భద్రిరాజు కృష్ణమూర్తిగారు లెక్కగట్టి 1998లో వ్యాసం రాశారు. ఒక మాట పోలడం కాదు, తేడా కూడా ఒక వరసలో రావడం. చుట్టరికం అంటే అది.

చెవిని నమ్మి మోసపోవడం తెలుగువాళ్లకు కొత్త కాదని ఇక్కడ గుర్తు చేయాలి. తెలుగు సంస్కృతం నుంచి పుట్టిందని మన పండితులు వందల ఏళ్లు నమ్మారు, ఎందుకంటే వాళ్ల చెవికి అలాగే వినిపించింది. 1816లో క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో ఇంగ్లీషు అధికారి ఎల్లిస్ తెలుగు, తమిళ, కన్నడ ధాతువులను పక్కపక్కన పెట్టి, ఇది వేరే కుటుంబమని చూపించాడు. ద్రావిడ భాషల మీద కాల్డ్వెల్ గ్రంథం రావడానికి ఇంకా 40 ఏళ్లు పట్టింది. ఆ పద్ధతి వల్లే తెలుగు తన కాళ్లమీద తాను నిలబడింది. అదే పద్ధతి ఇవాళ ఒరోమో మన చుట్టం కాదని చెబితే, మనకు ఉపకారం చేసినప్పుడు ఒప్పుకుని ఇప్పుడు కాదనడం కుదరదు.

లెక్చరర్: సరే, చుట్టరికం వదిలేస్తాను. అయితే ఇక పోల్చడం దేనికి? రెండు భాషలకూ సంబంధం లేదు, లేచి ఇంటికి పోదామంటారా?

టీచర్: పోల్చాల్సిందే. కానీ మీరు పక్కన పెట్టాల్సిన భాషను పెట్టలేదు. ఒరోమో పక్కన తెలుగును నిలబెట్టారు. అక్కడ ఒరోమో ఉన్న చోట పర్ణశాలలో ఉన్నది కోయ. తెలుగు ఉన్నది అమ్హారిక్ ఉన్న చోట.

లెక్చరర్: ఆ మాట చాలా కటువుగా ఉందమ్మా. తెలుగు ఎవరి నోరు నొక్కింది? తన నోరు తెరుచుకోవడానికే తెలుగు తంటాలు పడింది. పొట్టి శ్రీరాములు 58 రోజులు ఉపవాసం ఉండి 1952 డిసెంబరు 15న ప్రాణం వదిలితే, ఏడాది తిరక్కుండా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఒరోమోలకు ఒరోమియా అనే రాష్ట్రం 1995 రాజ్యాంగంతో స్థిరపడింది. నేను వాళ్లకు చెప్పుకున్న కథ ఇదే. మా కథా మీ కథా ఒకటేనని. విని వాళ్లు సంతోషించేవారు. ఇక నిషేధం మాటంటారా, హైలే సెలాసీ చక్రవర్తి కాలంలో ఒరోమోను బడిలోకి, కోర్టులోకి, అచ్చులోకి రానివ్వలేదు. కోయ మీద ఏ ప్రభుత్వం నిషేధం పెట్టింది?

టీచర్: ఎవరూ పెట్టలేదు. పెట్టాల్సిన అవసరం రాలేదు. ఒకటో తరగతి పిల్లకు ఇల్లు బొమ్మ చూపించి ఇదేంటి అని అడిగితే "లోను" అంటుంది. కోయలో ఇంటి పేరు అదే. పిల్ల సరిగ్గానే చెప్పింది. కానీ బొమ్మ కింద అచ్చులో ఉన్న మాట ఇంకోటి. నీళ్ల బొమ్మ చూపిస్తే "ఏరు" అంటుంది. తెలుగులో ఏరంటే పారే నది. మూలం ఒకటే, అర్థం కాస్త జరిగింది. అది తెలిసిన టీచరైతే ఆ మాటను పట్టుకునే పిల్లను తెలుగులోకి నడిపిస్తుంది. తెలియని టీచర్ తప్పు అని కొట్టేస్తుంది. రెండు నెలలు అలా కొట్టివేతలు తిన్న పిల్ల మూడో నెలలో నోరు విప్పదు. దీనికి చట్టం అక్కర్లేదు సార్, ఆ పిల్ల భాషలో ఒక వాచకం లేకపోతే చాలు.

లెక్చరర్: ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టారు. వాటిలో కోయ ఉంది.

టీచర్: ఉంది. అది మంచి పని, ఆ వాచకాలు నేను కళ్లకు అద్దుకున్నాను. కానీ అది కొన్ని బడుల్లోనే, చిన్న తరగతుల్లోనే. ఇథియోపియా 1994 విద్యావిధానం తర్వాత ఒరోమియాలో ఎనిమిదో తరగతి దాకా అన్ని పాఠాలూ ఒరోమోలోనే చెప్పారు, లెక్కలూ సైన్సూ కూడా. మీ క్లాసుకు వచ్చిన పిల్లలు ఆ బడుల్లో చదివి వచ్చినవాళ్లే కదా. వాళ్లకు లెక్కలు రాలేదా?

లెక్చరర్: వచ్చాయి. ఇంగ్లీషే ఇబ్బంది పెట్టింది. మన దగ్గర తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకూ అదే ఇబ్బంది కాబట్టి నాకు అది వింతగా అనిపించలేదు.

లెక్చరర్ నిజాయితీ నాకు నచ్చింది. తాను చూసినదాన్ని తన వాదానికి అనువుగా మలచుకోలేదు.

టీచర్: ఇంకో సంగతి. మీరు నెకెంతెలో ఒనెసిమోస్ నెసిబ్ పేరు వినే ఉంటారు.

లెక్చరర్: వినకుండా ఎలా ఉంటాను? ఆయన పుట్టింది ఇలుబాబోర్‌లో అయినా చివరి ఏళ్లు గడిపింది వెల్లెగలో, ఆ నెకెంతెలోనే. చిన్నప్పుడే ఎత్తుకుపోయి బానిసగా అమ్మారు. మసావాలో విముక్తి దొరికి స్వీడిష్ మిషనులో చదువుకున్నాడు. 1899లో బైబిలు మొత్తం ఒరోమోలో అచ్చయింది. అందులో ఆస్తేర్ గన్నో చేసిన పని తక్కువేం కాదు. ఆమె కూడా బానిసత్వం నుంచి బయటపడ్డ పిల్లే. ఒరోమో మాటలు, పాటలు, కథలు కుప్పగా పోగుచేసింది. ఇద్దరూ కలిసి 1894లో ఒరోమో వాచకం తెచ్చారు.

టీచర్: ఇక్కడ దుమ్ముగూడెంలో గోదావరి ఆనకట్ట పనుల మీద ఉన్న ఇంజనీరు హేగ్ చొరవతో చర్చి మిషన్ సొసైటీ వాళ్లు కోయల మధ్య మిషను పెట్టారు. జాన్ కెయిన్ అనే పాదిరీ ఏళ్ల తరబడి ఇక్కడే ఉండి కోయ నేర్చుకుని లూకా సువార్తను కోయలోకి తెచ్చాడు. అదీ 19వ శతాబ్దం చివరే. రెండు చోట్లా ఒకే కాలంలో, ఒకే మతం పేరుతో, ఒకే పని మొదలైంది. అక్కడ ఆ పని ఒరోమో మనుషుల చేతుల మీదుగా నడిచింది. వాళ్ల పేర్లు పుస్తకం మీద, చరిత్రలో నిలిచాయి. ఇక్కడ కెయిన్‌కు మాటలు చెప్పిన కోయ అమ్మ పేరు, కోయ అయ్య పేరు నాకు ఏ పుస్తకంలోనూ కనిపించలేదు. స్టీఫెన్ టైలర్ 1969లో గొమ్ము కోయల భాషకు వ్యాకరణం అచ్చువేశాడు. గోదావరి ఒడ్డున ఉండే మా వాళ్ల భాషకు. నేను దాన్ని విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషులో చదువుకున్నాను. మా నాన్న మాట్లాడే భాషకు నియమాలున్నాయని మొదటిసారి అప్పుడే తెలిసింది నాకు.

లెక్చరర్: అయితే మీరూ ఒరోమోల్లా రోమన్ లిపికి పోదామంటారా? నేను దానికి ఒప్పుకోను. వాళ్లు 1991 నవంబరులో అడిస్ అబాబాలో సభ పెట్టి, కూబె అని పిలిచే రోమన్ అక్షరాలను ఎంచుకున్నారు. వాళ్లకు కారణం ఉంది. అమ్హారిక్ లిపి ఫిదెల్‌లో అక్షరానికి ఏడు రూపాలు, ఒరోమోకు అయిదు హ్రస్వాలు, అయిదు దీర్ఘాలు. పైగా ఆ లిపిలో ద్విత్వానికి గుర్తు లేదు. బదా అంటే చెడ్డ, బద్దా అంటే ఎత్తుమీద ఉండే చల్లని నేల. ఫిదెల్‌లో రెండూ ఒకేలా రాస్తారు. తెలుగులో గడి, గడ్డి ఒకేలా రాయాల్సి వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. మన లిపికి ఆ లోపం లేదు. దీర్ఘం ఉంది, ఒత్తు ఉంది. గొంతు బిగించి పలికే హల్లులు నాలుగైదు మినహాయిస్తే ఒరోమోనే తెలుగు లిపిలో చక్కగా రాయొచ్చు. అలాంటిది కోయకు ఏం తక్కువ?

టీచర్: ఏం తక్కువ కాదు. కోయకు తెలుగు లిపి అతికినట్టు సరిపోతుంది. లిపి మీద నాకు పగ లేదు సార్. ఒరోమోలకు మాత్రం లిపి కన్నా ముందు ఇంకో బాధ ఉంది. షేక్ బక్రి సపాలో అనే పండితుడు 1956లో ఒరోమో కోసం సొంత లిపి తయారుచేస్తే దాన్ని అణచేశారు. ఆయన చివరికి సొమాలియాలో శరణార్థిగా 1980లో పోయాడు. 1991లో వాళ్లు లిపిని ఎంచుకున్నప్పుడు ఒత్తులూ దీర్ఘాలూ లెక్కలోకి వచ్చాయి, అది నిజమే. కానీ ఆ హాలులో కూర్చుని నిర్ణయించింది ఒరోమోలు. నాకు కావాల్సింది అది. మా రాత ఎలా ఉండాలో మా వాళ్లు కూర్చుని తేల్చిన రోజు ఒక్కటీ లేదు. భద్రాచలం తాలూకా 1959 దాకా తూర్పు గోదావరిలో ఉంది, తర్వాత ఖమ్మంలో కలిసింది. 2014లో పోలవరం కోసం కూనవరం, చింతూరు, వీఆర్‌పురం ఆంధ్రలోకి వెళ్లాయి. ఆ అవతల ఛత్తీస్‌గఢ్ సుకుమాలో మా వాళ్లను దోర్లలంటారు, వాళ్ల మాటలు దేవనాగరిలో రాస్తారు. ఒడిశా మల్కనగిరిలో కోయ పిల్లలు ఒడియా లిపిలో కోయ చదువుతారు. ఒక భాష, మూడు లిపులు. పర్ణశాల పిల్ల రాసిన ఉత్తరం మల్కనగిరిలో ఉన్న మేనత్త కూతురు చదవలేదు. నోటితో చెబితే అర్థమవుతుంది.

లెక్చరర్: అందుకే నేను హెచ్చరిస్తున్నాను. కూబె వల్ల వాళ్లు పోగొట్టుకున్నదీ ఉంది. 1975లో మొదలైన బరీసా పత్రిక ఏళ్లపాటు ఫిదెల్‌లోనే వచ్చింది. ఒనెసిమోస్ బైబిలూ ఫిదెల్‌లోనే. కూబె తరం అని పిలుచుకునే పిల్లల్లో చాలామందికి ఆ పాత అచ్చు పరాయిదైపోయింది, పక్కింటి అమ్హారావాడితో మాట కలపడమూ కష్టమైంది. అక్కడ ఒరోమో మాతృభాషగా ఉన్నవాళ్లు 2007 జనాభా లెక్కల్లోనే సుమారు రెండున్నర కోట్లు. దేశంలో మూడో వంతు. వాళ్లు ఆ ధర కట్టగలిగారు. కోయ మాట్లాడేవాళ్లు 2011 లెక్కల్లో నాలుగు లక్షల చిల్లర. మీరు కట్టగలరా?

టీచర్: ఐస్‌లాండ్ జనాభా నాలుగు లక్షల లోపే. వాళ్ల భాషలో బడి ఉంది, విశ్వవిద్యాలయం ఉంది, శాసనసభ ఉంది, నోబెల్ తెచ్చుకున్న నవలాకారుడు ఉన్నాడు.

లెక్చరర్: ఐస్‌లాండ్‌కు దేశం ఉందమ్మా. చుట్టూ సముద్రం ఉంది. మీ చుట్టూ నాలుగు రాష్ట్రాలున్నాయి.

టీచర్: ఉన్నాయి. అందుకే నేను ఐస్‌లాండ్ కావాలనడం లేదు. సంథాలీకి రఘునాథ్ ముర్ము 1925లో ఓల్ చికీ లిపి తయారుచేశాడు, 2003లో ఆ భాష రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో చేరింది. 78 ఏళ్లు పట్టింది. నాకు తొందరలేదు. మన గిడుగు రామమూర్తిగారినే చూడండి. ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవం అంటూ దండలు వేస్తాం. ఆయన తెలుగు కోసం పోట్లాడటానికి ముందే పర్లాకిమిడిలో సవర నేర్చుకున్నాడు, సవర పిల్లలకు సవరలో చదువు చెప్పించాడు, తర్వాతి ఏళ్లలో సవరకు నిఘంటువులూ వ్యాకరణమూ రాశాడు. మనిషి మాట్లాడే భాషే రాయాలన్న పట్టుదల ఆయనకు అడవిలో బలపడింది, రాజమండ్రి సభల్లో కాదు. ఆ పండగ రోజున మా బడిలో పిల్లలు తెలుగు పద్యం చెబుతారు. ఒక కోయ కథ కూడా చెప్పనిస్తే గిడుగువారికి అంతకన్నా మర్యాద ఉంటుందా?

గిడుగు విషయంలో టీచర్ చెప్పిన క్రమం నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. వ్యావహారిక భాషోద్యమాన్ని మనం పండితుల తగువుగా చదువుకుంటాం. సవరల గూడేల్లో ఆయన గడిపిన ఏళ్లను ఒక పేరాలో దాటేస్తాం. పెద్ద భాష చిన్న భాష దగ్గర నేర్చుకున్న పాఠం అది. దాన్ని పాఠ్యపుస్తకాల్లో మొదటి పేజీలో పెట్టాలి.

లెక్చరర్: మరి నన్నేం చేయమంటారు? రిటైరైనవాణ్ణి. ఒరోమో కొంత వచ్చు, కోయ రాదు.

టీచర్: ఇన్నేళ్లు గోదావరి జిల్లాల పక్కన పుట్టి పెరిగి ఒరోమో నేర్చుకున్నారు, కోయ నేర్చుకోలేదు. తప్పుపట్టడం లేదు సార్, మీకు ఎవరూ నేర్పలేదు. ఇప్పుడు మాకు కావాల్సింది ఒకటి ఉంది. చింతూరు, సుకుమా, మల్కనగిరి, దుమ్ముగూడెం. నాలుగు చోట్ల నుంచి కోయ చెప్పే టీచర్లు ఒక వారం కలిసి కూర్చోవాలి. చిన్న పిల్లల వాచకానికి కావాల్సిన మాటల్లో ఏవి అందరికీ ఒకటి, ఏవి వేరో రాసుకోవాలి. కూబె కోసం కూర్చున్నప్పుడు ఒరోమోలకు కూడా తూర్పున హరర్ మాట ఒకటి, పడమట వెల్లెగ మాట ఒకటి. వాళ్లు ఆ తేడాలు ఎలా సర్దుకున్నారో, ఏది పట్టుబట్టారో, ఏది వదులుకున్నారో మీ పాత సహోద్యోగులకు తెలుసు. వాళ్లను అడిగి రాయించి పట్రండి.

లెక్చరర్: అడుగుతాను. మీరు మాత్రం ఆ వారం ఏ లిపిలో రాసుకుంటారు?

టీచర్: ఎవరి లిపిలో వాళ్లు. మూడు గళ్లు గీసి, మాట ఒకటి, రాతలు మూడు. మీరు కూడా వచ్చి కూర్చోండి. కానీ ఆ వారం తెలుగులో మాట్లాడితే కుదరదు.

లెక్చరర్: మరి నాకు అర్థం కావాలి కదా?

టీచర్: వారం ముందు రండి. ఇంట్లో పిల్లలున్నారు, నేర్పుతారు.